ఎండల్లో ఉన్నికోటు

జనగామ, రైల్వే గ్యాంగు క్వార్టర్లు
1950, వైశాఖం

రాజలింగానికి నీ నాయిన సారయ్య సొంత చేతితో రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. ఉత్తరమంటే ముందు ఆ ముక్క ఉండాలని లడాయిలో నాకు అక్షరాలు నేర్పిన హవల్దారు చెప్పాడు కాబట్టి రాశాను. కిందికి చదువుతూ పోతే ఎవరెంత క్షేమమో నీకే తెలుస్తుంది. నీ క్షేమం నువ్వు రాయలేదు, నేను అడగను. ఆశీర్వాదాలు కోపం తగ్గాక పంపుతాను. ఇప్పట్లో తగ్గేలా లేదు.

బుట్టలమ్మే కట్టమ్మ మహదేవపూర్ అడవి నుంచి నీ ఉత్తరం తెచ్చింది. చేట అంచులో పెట్టి కుట్టేసి తెచ్చింది. పాపం ఆమె అరికాళ్లు పగిలిపోయాయి. ఇంత దూరం నడిచి తెచ్చిన కాగితంలో మంచి మాట ఒక్కటన్నా ఉంటుందేమోనని వెతికాను. మొదటి సగం నాకు పాఠం, రెండో సగం నాకు హుకుం. కన్నతండ్రికి హుకుం రాసే కొడుకు మన ఇంట్లో ఇంతకుముందు పుట్టలేదు.

సరే, అడిగిన వాటికి జవాబులు చెప్తాను.

అవ్వ ఎట్లుంది అని అడిగావు. నిన్ను కన్న అవ్వకు కుడిచేతి మణికట్టు విరిగింది. దొర దగ్గర తీసుకుని సంఘం మనకు పంచిన వాగు పక్క చెలకలో మిరపకాయ ఏరుతుంటే దొర మనుషులు వచ్చి కొట్టారు. ఆ దొర రజాకార్ల కాలంలో హైదరాబాదుకు పారిపోయినవాడే. ఇప్పుడు తెల్లటోపీ పెట్టుకుని, మిలిట్రీ లారీ వెనక తిరిగి వచ్చాడు. చెలక తనదే అన్నాడు, తీసుకున్నాడు. మీ అవ్వ ఏరిన మిరపకాయలు కూడా తనవే అన్నాడు. జనగామ దవాఖానలో కట్టు కట్టించాను. ఎముక అతికేదాకా చెయ్యి కదపొద్దని డాక్టరు అంటే, "గట్లయితే నువ్వే వచ్చి జొన్నరొట్టె చెయ్యి" అని ఆయన మీద ఎగిరింది. కాబట్టి మీ అవ్వ బుచ్చవ్వ నోరు క్షేమం.

దొర మీద నాకు కోపం లేదనుకోకు. నువ్వు రాసిన పాఠంలో దొర గురించి ఉన్న ప్రతి మాటా నిజం. వాడి గడీ గోడ కూల్చుతానంటే గునపం నేను తెస్తాను. ఈ వయసులో నీకంటే నాలుగు దెబ్బలు ఎక్కువే వేస్తాను. కానీ దొర గడీలో ఉంటాడు గానీ రైలు పట్టాల మీద ఉండడు. ఇది చెప్పడానికి నాకు పుస్తకాలు అక్కర్లేదు.

నీ పెళ్లాం కౌసల్య సంగతి అడిగావు. పురుడు పోసుకుంది, ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారు, అదొక్కటే ఈ ఉత్తరంలో అచ్చమైన క్షేమం. ఆడపిల్లయితే అరుణ అని పెట్టమన్నావు నువ్వు. మీ అవ్వ ఆ పేరును నోట్లో నాలుగుసార్లు తిప్పి చూసి, రైలు గేటు దగ్గరి మైసమ్మకు మొక్కుకున్నాను కదా అని మైసమ్మ అనే పెట్టింది. నువ్వు వచ్చి మార్చుకో, ఎవరు వద్దన్నారు. ఆ తల్లీబిడ్డలను మొన్న మానుకోటలో వాళ్ల పుట్టింటికి పంపించేశాను. పచ్చి బాలింతను అంత తొందరగా ఎందుకు పంపించావని నీకు కోపం రావచ్చు. కారణం ఉంది, కింద వస్తుంది.

ఇక పాఠం. "నువ్వు తెల్లోడి లడాయిలో తెల్లోడి కోసం పట్టాలు వేశావు, తరవాత నిజాంకు సలాము కొట్టావు, ఇప్పుడు వీళ్లకు కొడుతున్నావు, నీ వెన్నెముక ఎప్పుడు నిటారైంది" అని రాశావు. బాగా రాశావు. ఆ రాత నేర్పింది నేనే. పట్టాలు చూసుకుంటూ రోజూ నేను నడిచే బీటు వెంట నువ్వు నన్ను అంటిపెట్టుకుని తిరుగుతుంటే, సున్నపు ముక్కతో పట్టా మీద అ ఆలు రాయించాను. ఇంజను వచ్చి తుడిచేసేది, మళ్లీ రాసేవాడివి.

మొదటి పెద్ద లడాయిలో సముద్రం అవతల బస్రాకు పోయింది నిజమే. అప్పటికి నాకు మీసం సరిగా రాలేదు. రైలు పని తెలిసినవాళ్లు కావాలంటే, ఊళ్లో దొర వెట్టి తప్పుతుందని సికింద్రాబాద్ పోయి పేరు ఇచ్చాను. ఓడలో పడేసి తీసుకుపోయారు. ఇసుకలో పట్టాలు వేశాం. తెల్లోడి మీద ప్రేమతో కాదు, ఒక పూట అన్నం మీద ప్రేమతో. ఇది నీకు ముందే తెలుసు, కానీ బాధ పెట్టడానికి రాశావు. పెట్టావు.

నీకు తెలియనిది ఒకటి ఉంది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. అక్కడ మేం వేసిన లైను మీద గాయపడినవాళ్లను మోసే బండి నడిచేది. ఆ దేశం వాళ్లు వచ్చి పట్టా పీకేశారు. వాళ్ల నేల, వాళ్ల కోపం, వాళ్లది తప్పని నేను ఈనాటికీ అనను. వాళ్లు సిపాయిల బండి వస్తుందనుకున్నారు, దవాఖాన బండి వచ్చింది. మేం పోయి డబ్బాల్లోంచి మనుషులను లాగాం. ఒకడు పంజాబీ, నడుము కింద ఏమీ లేదు. నా చెయ్యి పట్టుకుని "టేషన్ వచ్చిందా" అని అడిగాడు. వచ్చిందని చెప్పాను. లడాయిలో నాకు వచ్చిన రాజుగారి బొమ్మ పతకం, నీకు చిన్నప్పుడు ఆడుకోవడానికి ఇచ్చిన ఆ బిళ్ల, ఇప్పుడు నువ్వు బానిస బిళ్ల అంటున్నావే, అది చూసినప్పుడల్లా నాకు రాజుగారు గుర్తుకు రాలేదు, వాడు గుర్తుకొచ్చాడు. అందుకే దాన్ని పెట్టెలో పెట్టకుండా నీ ఆటకు పడేశాను.

ఇప్పుడు మొన్నటి సంగతి. "గురి తప్పింది" అని రాశావు. మిలిట్రీ బండి అనుకుంటే గూడ్సు వచ్చిందట. నీ గురి తప్పింది కానీ ఇంజనులో బొగ్గు వేసే కాజీపేట ఫైర్‌మన్ దావీదుకు చావు తప్పలేదు. ఇంజను పక్కకు ఒరిగి, మరిగే నీళ్లన్నీ అతని మీద పడ్డాయి. దావీదు ఏ దొరకు కొడుకు? ఎన్ని వందల ఎకరాలు ఉన్నాయి అతనికి? ఆ బండిలో ఉన్నది ఉప్పు, పల్లీలు. నువ్వు ఉప్పు మీద యుద్ధం చేశావు నాయినా. మీ దళంలో దీనికి ఏమని పేరు పెట్టుకున్నారో అదీ రాయి, చదువుకుంటాను.

మళ్లీ అదే నోటితో నాకు హుకుం. దళం దేవరుప్పుల వైపు దిగుతుంది, వాగు వంతెన దగ్గర నువ్వే కీలు వదులు చేసి పెట్టు, బీటు నీదే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు అని. పట్టాను కింది స్లీపరు దిమ్మకు బిగించే ఇనుప కీలు. నేను జీవితమంతా సుత్తె పట్టుకుని తిరిగింది అవి ఊడకుండా చూడటానికి. నా జవాబు ఇది: వదులు చెయ్యను. నువ్వు నిలబడి తుపాకి పెట్టినా చెయ్యను. దొర మీద నీకు ఎంత కోపం ఉందో, పట్టా ఊడదీసేవాడి మీద నాకు అంత కోపం ఉంది.

"నేనే తీశానని నీకెట్ల తెలుసు" అని నువ్వు అడగవచ్చు. చెప్తాను.

ఆ పొద్దు నా పక్క బీటు నడిచే పూల్‌సింగ్ తన బీటు మొదలుపెట్టి, ఊడిన పట్టా చూశాడు. ఎర్రజెండా పట్టుకుని బండికి ఎదురు పరుగెత్తాడు. చక్రం కింద పేలే పటాకా ఒకటి పెట్టగలిగాడు కాబట్టి డ్రైవరు బ్రేకు వేశాడు, లేకపోతే గార్డూ డ్రైవరూ కూడా దావీదు పక్కన పడుకునేవాళ్లు. చప్పుడు విని నేను ఇటునుంచి పరుగెత్తాను. వాళ్లంతా ఇంజను దగ్గర ఉన్నారు. నేను ఊడిన పట్టా దగ్గరికి పోయాను. తీసిన కీలు పక్కన కుప్పలు కుప్పలుగా పేర్చి ఉన్నాయి, ప్రతి కుప్ప మీద ఒక కీ అడ్డంగా.

ఎవరైనా తీస్తే విసిరేస్తారు. మన గ్యాంగులో వాళ్లయినా గుట్టగా పోస్తారు. పైన ఒకటి అడ్డంగా పెట్టేది నేనొక్కడినే. బస్రా ఇసుకలో కుప్ప పూడిపోతే ఆ అడ్డకీ కొస కనబడుతుందని హవల్దారు నేర్పాడు. ఇక్కడ ఇసుక లేదు, అయినా నా చెయ్యి మానలేదు. గ్యాంగంతా దానికి నవ్వుతుంది, "బస్రా మొక్కు చెల్లిస్తుండు" అని. నా తరవాత ఆ పని చేసే చెయ్యి లోకంలో ఒకటే ఉంది. బండి పడగొట్టడానికి వచ్చి కూడా నాయిన నేర్పిన పద్ధతి తప్పలేదు నువ్వు. నీకు వేరే ఏదీ సరిగా అబ్బలేదు, ఇదొక్కటి అబ్బింది.

ఇన్‌స్పెక్టర్ రాకముందే ఆ కుప్పలన్నీ కాలితో తన్నేశాను. కంకరలో చెల్లాచెదరు చేశాను. అవతల దావీదు చావుబతుకుల్లో ఉంటే నేను చేసిన పని అది.

ఎవరి బీటులో పట్టా పోతే వాళ్లను పట్టుకుంటారు. పూల్‌సింగ్‌ను మిలిట్రీ క్యాంపుకు తీసుకుపోయారు. నీకు గుర్తుండాలి పూల్‌సింగ్, మానుకోట అవతల తండావాడు, బీటు చివర మైలురాయి దగ్గర నాతో రోజూ ఇత్తడి బిళ్ల మార్చుకునేవాడు. తన బిళ్ల నాకు, నా బిళ్ల తనకు, ఇద్దరం బీటు పూర్తిగా నడిచామనడానికి అదే సాక్ష్యం. నువ్వు చిన్నప్పుడు నడవలేనని మారాం చేస్తే, వెనక్కి వచ్చేటప్పుడు నిన్ను భుజాల మీద ఎక్కించుకుని సగం దారి దిగబెట్టి పోయేవాడు.

అతన్ని కొట్టారు. పెన్షన్ తీసేస్తామన్నారు, తండా తగలబెడతామన్నారు. తెలియదు అనే ఒక్క మాట తప్ప అతని నోటి నుంచి ఇంకేమీ రాలేదు. అతని భార్య గంగి మన గడపలోకి వచ్చి కూర్చుంది. చంకలో చంటిది.

"అన్నా, నా మొగడు నోరు ఇప్పుతలేడు. ఎవలనో కాపాడుతుండు. నాక్కూడ చెప్తలేడు. నీకేమన్న ఎర్కనా?"

మీ అవ్వ ఆమెకు గంజి ఇచ్చింది. కౌసల్య లోపల నీ బిడ్డకు పాలిస్తోంది. గంగి ఆ ఏడుపు విని, "మనుమరాలా?" అని అడిగి, తన కొంగు ముడి విప్పి బిడ్డ చేతిలో కాణీ పెట్టింది.

తరవాత అతన్ని క్యాంపు నుంచి వదిలారు. ఎందుకంటే ఆ ఆఫీసరుకు కొత్త ఆలోచన వచ్చింది. మిలిట్రీ బండికి ముందు పట్టాల మీద ఒక చిన్న ట్రాలీ నడుపుతారు. దాని మీద ముందు ఒక గ్యాంగు మనిషి కూర్చోవాలి. పట్టా ఊడి ఉంటే ముందు పోయేది ఆ మనిషి. మొదటి మనిషి పూల్‌సింగ్. ఈ సంగతి అతనే మైలురాయి దగ్గర చెప్పాడు. పెదవి ఇంకా వాచి ఉంది. నేను బిళ్ల చాపితే తీసుకోలేదు.

"సారయ్యన్నా, నాకు ఇగ బీటు లేదు. ట్రాలీ మీదికి పొమ్మన్నరు."

నేను నోరు తెరవబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ అడ్డకీలు నేను సూసిన. నువ్వు కాలుతోని తన్నింది గూడ సూసిన. ఇగ ఆ ముచ్చట ఇడిసిపెట్టు. వాడు నా భుజాల మీద పెరిగిండు."

రాజలింగం, నువ్వు ప్రజల కోసం ప్రాణమిస్తామని రాశావు. ఎవరి ప్రాణం ఎవరు ఇస్తున్నారో సరిగా చూసుకో. నీ ప్రాణం కోసం తన్నులు తిన్నవాడు మీ దళంలో లేడు, సభల్లో లేడు, వాడికి నీ పాఠం చదవడం కూడా రాదు.

ఇప్పుడు కింద వస్తుందన్న సంగతి. ఓపిక తెచ్చుకుని చదువు, చదివాక ఎంత తిట్టుకున్నా సరే.

నేను ఆ క్యాంపుకు పోయాను. బస్రాలో నేర్చిన హిందూస్తానీలో ఆఫీసరుతో మాట్లాడాను, మన మాటలో రాస్తున్నాను.

"సాబ్, పూల్‌సింగ్‌ను ముంగట కూసోబెడితే అడవోళ్లు ఎందుకు ఆగుతరు? ఆళ్లకు పూల్‌సింగ్ ఎవరు? నన్ను కూసోబెట్టుండ్రి."

"నువ్వెవనివి?"

"నా కొడుకు ఆళ్లల్ల ఉన్నడు. పేరు రాజలింగం. ఆ పట్టా తీసింది వాడే. పూల్‌సింగ్‌కు ఏం సంబంధం లేదు."

ఇన్నాళ్లూ కొడుకు షోలాపూర్ మిల్లులో ఉన్నాడని ఊరందరికీ చెప్పిన నోటితోనే చెప్పాను. నీ పేరు చెప్పాను, నీ ఆనవాళ్లు అడిగితే చెప్పలేదు, కానీ పేరు చాలు. ఇక నువ్వు ఈ క్వార్టర్లకు రాలేవు. మీ అవ్వను చూడటానికీ రాలేవు. కౌసల్యను మానుకోటకు అందుకే పంపాను. పోలీసులు ఇల్లంతా వెతికి, గంజి కుండ కూడా బోర్లించి పోయారు. నిన్ను నేనే పట్టించానని నువ్వు అనుకుంటే అనుకో. నేను పశ్చాత్తాపపడటం లేదు. మన బిడ్డ కోసం ఇంకొకరి బిడ్డల తండ్రిని చంపేంత గొప్ప వంశం మనది కాదు.

ఆ ఆఫీసరు చివరికి ఒకటి అడిగాడు.

"నిన్ను జూస్తే నీ కొడుకు ఆగుతడా?"

"తెల్వదు సాబ్" అన్నాను.

ఆయన నవ్వాడు. నిజం చెప్పినందుకు నవ్వాడేమో. నాకు నిజంగానే తెలియదు కొడుకా. వాడు తప్పకుండా ఆగుతాడు సాబ్ అని చెప్పగలిగే తండ్రిని అయితే ఈ ఉత్తరం ఇంత పొడుగు రాసేవాణ్ణి కాదు.

వచ్చే సోమవారం నుంచి ట్రాలీ మీద నేనే, పూల్‌సింగ్ మళ్లీ తన బీటు మీద. నిన్ను బతిమాలడానికి ఇది రాయడం లేదు. నువ్వు దూరం నుంచి చూసి, వాడెవడో అనుకోకూడదని రాస్తున్నాను. అందుకే బస్రాలో నాకిచ్చిన ఉన్నికోటు వేసుకుంటాను. ఈ వైశాఖం ఎండల్లో ఉన్నికోటు వేసుకునే పిచ్చివాడు జనగామ నుంచి కాజీపేట దాకా ఇంకొకడు ఉండడు. గుట్ట మీద నుంచి చూసినా తెలిసిపోతుంది.

ట్రాలీ మీద ఎందుకు కూర్చుంటున్నానో మీ అవ్వకు చెప్పలేదు. పెట్టెలోంచి కోటు తీస్తుంటే చూసింది.

"ఎండల కోటెందుకయ్యా, నీకేమన్న జరమా?"

"ట్రాలీ మీద తనిఖీకి పోవాలె. గాలి కొడ్తది."

నా మొహం వైపు కాసేపు చూసింది. కోటుకు పై గుండీ లేదు. ఆ విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని, దారం కొస పళ్ల మధ్య పట్టుకుని, ఎడమచేత్తో గుండీ కుట్టింది. వంకరగా కుట్టింది, గట్టిగా కుట్టింది. ఆమెకు ఏం తెలుసో నాకు తెలియదు.

వాగు వంతెన దగ్గర మా బీట్లు కలిసే మైలురాయి వస్తుంది. అక్కడ నేను చెయ్యి పైకెత్తుతాను. నీకు దండం పెడుతున్నాననుకోకు. బీటు చివర బిళ్ల చూపించడం మా పద్ధతి. పూల్‌సింగ్ అటువైపు నిలబడి తన బిళ్ల ఎత్తుతానన్నాడు.

పట్టా తీస్తావో తియ్యవో నీ ఇష్టం. నా బీటులో నేను ఉంటాను, నీ పనిలో నువ్వుండు. ఒక్కటి మాత్రం తండ్రిగా చెప్తున్నాను. తీస్తే, తీసిన కీలు పేర్చి పెట్టకు. దూరంగా విసిరెయ్. ఈసారి వాటిని కాలితో తన్నడానికి నేను ఉండను.

ఇట్లు,
నిన్ను పట్టాల వెంట నడిపించిన నాయిన,
సారయ్య